బల్లకో ప్రశ్న

లెక్కల మాస్టారికి పిల్లలు పెట్టిన పేరు గైడు సారు. అడగడమే ఆలస్యం, జవాబు ఆయన నోట్లోంచి ఊడిపడేది. ఇరవై రెండేళ్లుగా మధ్యాహ్నం గంట కొట్టగానే నోటుపుస్తకాలతో ఆయన బల్ల ముందు వరుస కట్టేవాళ్లు. "నన్ను పీక్కు తింటున్నార్రా" అని విసుక్కుంటూనే లోలోపల పొంగిపోయేవాడు.

ఈ ఏడాది ఆయన మరదలు అదే బడికి టీచరుగా వచ్చింది. పదో తరగతి బి సెక్షన్ లెక్కలు ఆమెకిచ్చారు. ఒకప్పుడు భిన్నాలు రాక ఏడుస్తుంటే ఆయనే కూర్చోబెట్టి నేర్పిన పిల్ల. ఆమె పద్ధతే వేరు. నలుగురికో బల్ల, బల్లకో పెన్ను. పీరియడ్ మొత్తంలో బల్లకి ఒక్క ప్రశ్నే టీచర్ని అడగచ్చు, అదీ నలుగురూ ఒప్పుకుంటేనే. రెండు నెలలకి గైడు సారు ముందు వరుస పలచబడింది. చివరికి ఆయన ఎ సెక్షన్ పిల్లలు కూడా బి వాళ్లని అడిగి చెప్పించుకోసాగారు. ఆయనకి తీరిగ్గా అన్నం తినే భాగ్యం దక్కింది. ముద్ద గొంతు దిగితే ఒట్టు.

"మీ చెల్లెలు జీతం తను తీసుకుని, పాఠాలు పిల్లల చేత చెప్పిస్తోంది," అన్నాడు ఇంట్లో.

"కడుపుమంటకి మందుబిళ్ల ఇవ్వనా?" అంది భార్య.

ఒకరోజు మరదలు సెలవు పెట్టింది. హెడ్మాస్టరు ఆయన్ని బి సెక్షన్‌కి పంపాడు. దొరికార్రా అనుకుంటూ వెళ్లి, మూడు నిమిషాల్లో బోర్డు నిండా లెక్క చేసి పారేశాడు. ఎవరూ పెన్ను కదపలేదు.

"రాసుకోరేం?"

రెండు జడల పిల్ల లేచింది. "సార్, ఏమనుకోకండి... చెరిపేస్తారా? మేమింకా అక్కడిదాకా రాలేదు."

"జవాబు కళ్లెదుటే ఉంటే ఇంకా రావడమేంటమ్మా?"

"చూసేస్తే మేం కొట్లాడుకోడానికి ఇంకేం మిగుల్తుంది సార్?"

చెరిపి కూర్చున్నాడు. పోయినేడు దాకా రోజూ ఆయన వరుసలో మొదట నిలబడే పొట్టివాడు పక్కవాడి చేతిలోంచి పెన్ను లాక్కున్నాడు. "ఒరేయ్, ఇక్కడ మైనస్ ఎలా వచ్చిందో చెప్పు. చెప్పందే పెన్నివ్వను."

ఆ మైనస్ గురించి వాడికి తను పదిసార్లయినా చెప్పుంటాడు. ఎలా వచ్చిందని వాడు ఒక్కసారీ అడగలేదు. గైడు సారుకి ఒళ్లు మండింది, వాడి మీద కాదు.

ఇంకో అయిదు నిమిషాల్లో గంట. ఏ బల్లా ఆయన్నేమీ అడగలేదు.

"ఒక ప్రశ్న ఉంటుంది కదా, అడగండర్రా," అన్నాడు. తన గొంతులో ఆ బతిమాలుడు తనకే వినబడింది.

రెండు జడల పిల్ల తన బల్లవాళ్లతో గుసగుసలాడింది. "నలుగురం ఒప్పుకోలేదు సార్."

మర్నాడు స్టాఫు రూములో మరదలు అడిగింది. "మా పిల్లలెలా ఉన్నారు బావగారూ?"

"అల్లరి," అన్నాడు మొహం తిప్పుకుని.

తిన్నగా తన క్లాసుకి వెళ్లాడు. "నలుగురు చొప్పున కూర్చోండి. బల్లకో పెన్ను ఉంచుకుని మిగతావి ఇటివ్వండి."

"బి సెక్షన్‌లాగానా సార్?"

"వాళ్లలాగా ఎందుకురా?" కసిరాడు. "వాళ్లకి ఒకటే ప్రశ్న. మీకు రెండు."