కోలకంటే ముందు పడే కాలు

ఎమ్మిగనూరు చేనేత కాలనీలో సాయంత్రం ఐదున్నరకు మగ్గాలు ఒక్కొక్కటే ఆగుతాయి. శివలీల దగ్గర కోలాటం నేర్చుకునే ఆడవాళ్లు ఆ వేళకు మగ్గం గుంతలోంచి లేస్తారు. అలా లేవడమే వాళ్లలో సగం మందికి పెద్ద పని. గట్టు మీద చేతులు ఆనించి, ఒక మోకాలు పైకి తెచ్చి, కాసేపు ఆగి, రెండోది తెస్తారు. ముఖం కడుక్కుని, కొంగు దోపుకుని, కోలలు తీసుకుని నీళ్ల ట్యాంకు పక్కన ఉన్న ఖాళీ జాగాలోకి వస్తారు. అందరిలోకీ చిన్నామెకు నలభై ఏళ్లు. పెద్దామె రామలక్ష్మమ్మకు యాభై ఎనిమిది.

శివలీలకు యాభై ఒకటి. పుట్టింది కోడుమూరులో, అదీ నేతగాళ్ల ఊరే. పన్నెండో ఏట అక్కడికి వచ్చిన ఒక గురువు దగ్గర కోలాటం నేర్చుకుంది. ఏడేళ్లు ఆడింది. శ్రావణ మాసంలో ఉరుకుంద ఈరన్న గుడి ముందర, వరసలో మొదటి మనిషిగా కూడా ఆడింది. పందొమ్మిదో ఏట పెళ్లయి ఎమ్మిగనూరు వచ్చాక, కోడలు వీధిలో ఎగిరితే మగ్గం ఎవరు తొక్కుతారని అత్త అడిగింది. అడిగి ఊరుకోలేదు. శివలీల తెచ్చుకున్న గజ్జెలను విడదీసి మేకపిల్లల మెడలకు కట్టింది. ఆ తర్వాత ముప్పై ఏళ్లు శివలీల చీరలు నేసింది, ఇద్దరు కూతుళ్ల పెళ్లిళ్లు చేసింది. ఆ ముప్పై ఏళ్లలో కోల పట్టుకున్న రోజు లేదు.

రెండేళ్ల కిందట మోకాళ్లు పట్టేస్తే కర్నూలులో డాక్టరు రోజూ గంట నడవమన్నాడు. ఆమె నడిచింది, నాలుగు రోజులు. చేతిలో సంచి లేకుండా, పని లేకుండా నడిచే ఆడమనిషిని ఎమ్మిగనూరులో ప్రతి ఒక్కరూ ఆపి యాడికని అడుగుతారు. ఐదో రోజు ఆమె విసుగెత్తి నడక మానేసి, వెదురు కోలలు రెండు చెక్కించుకుని ట్యాంకు పక్కన ఒంటరిగా అడుగులు వేసింది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు చూసి ఒక్కొక్కరే చేరారు. అలా పదహారు మంది అయ్యారు. ఆమె మధ్యలో నిలబడి ఈల ఊదుతూ అడుగు మార్పిస్తుంది. పాట ఫోన్లోంచి, ఒక చిన్న స్పీకరులోంచి వస్తుంది.

ఈ ఏడాది శ్రావణంలో మూడో సోమవారం ఉరుకుందలో ఆడడానికి ఈ జట్టుకు అరగంట దొరికింది. కాలనీ దాటి బయట ఆడడం ఇదే మొదలు. ఆ అరగంట తాను వరసలో ఉండి ఆడాలని శివలీల కోరిక. ఎవరితోనూ అనలేదు గానీ కాలనీలో అందరికీ తెలుసు. చిక్కేమిటంటే కోలాటం జోడీల ఆట. పదహారు మందికి ఎనిమిది జోడీలు సరిపోతాయి. గురువుకు అందులో చోటు లేదు.

జట్టులో పదిహేను మంది మగ్గం మనుషులు. పదహారో మనిషి హనుమమ్మ. ఆమెది కోసిగి. ఎనిమిదేళ్ల కిందట వచ్చి కాలనీ మలుపులో బొరుగుల ఉగ్గాని, బజ్జీల బండి పెట్టుకుంది. మొగుడు బెంగళూరులో కట్టడం పనులకు పోతూ వస్తూ ఉంటాడు. రోజంతా పొయ్యి ముందర నిలబడి నడుము పట్టేస్తుందని కోలాటానికి వచ్చింది. పెద్ద గొంతు, మొండి మనిషి.

హనుమమ్మతో శివలీలకు మొదటి నుంచీ ఒకటే తగాదా. అందరి గజ్జెలూ ఒక్కసారి మోగుతాయి, హనుమమ్మ గజ్జె తర్వాత మోగుతుంది. ఎక్కువ ఆలస్యం కాదు, కళ్లార్పేంత. కానీ పదిహేను గజ్జెల వెనక ఒక్క గజ్జె విడిగా వినపడితే ఎవరి చెవికైనా తగులుతుంది.

శ్రావణం మొదలయ్యే ముందు ఒక సాయంత్రం శివలీల ఈల ఆపింది.

"ఏమ్మే హనుమమ్మా, రెండు నెల్లనించి చెప్తాండా. అందురి కాలు పడినంక నీ కాలు పడతాంది. బజ్జీలు మునిగే దాకా చూసినట్ల చూస్తాండావా?"

"కోల తగిల్నప్పుడే కాలు ఏస్తాండా కదక్కా!"

"మళ్ల ఇంతమందికి లేని ఆలిశ్యం నీకు యాడిది?"

"ఆమె కాలి కింద ఉగ్గాని ఉండాదేమో, అతుక్కుంటాంది," అంది రామలక్ష్మమ్మ. అందరూ నవ్వారు.

హనుమమ్మ నవ్వలేదు. "నేనుంటే మీ ఆట చెడిపోతాందంటే చెప్పండి, పోతా."

శివలీల చెప్పేసింది. ఉరుకుంద అయ్యేదాకా రావద్దంది. హనుమమ్మ అక్కడే కూర్చుని గజ్జెలు విప్పుకుని, కోలలు చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది. జోడీ తప్పకుండా ఆ చోట్లో శివలీల నిలబడింది. ఈల నోట్లో పెట్టుకునే ఆడింది. ఆ రోజు నుంచి గజ్జెలన్నీ ఒక్కసారే మోగాయి.

ఉరుకుందకు పదకొండు రోజులు ఉందనగా డోలు వాయించే దాసన్న వచ్చాడు. చుట్టుపక్కల అయిదారు జట్లకు వాయించే మనిషి. ఫోను ఆపేయమని డోలు మెడకేసుకున్నాడు. రెండు చుట్లు తిరిగేసరికి చేయి ఆపాడు. మళ్లీ మొదలుపెట్టి మళ్లీ ఆపాడు.

"ఏమప్పా, పొద్దున అన్నం తినలేదా?" అంది రామలక్ష్మమ్మ.

"అది కాదక్కా. నేను కాలికి కొట్టాల్నా, కోలకు కొట్టాల్నా? ఏదో ఒగటి చెప్పండి."

శివలీలకు అర్థం కాలేదు. "రెండూ ఒగటే కదప్పా."

"ఒగటే అయితే నాకేం తిప్పలు? మీకు కాలు ముందు పడతాది. ఘల్లు అన్నంక టక్కు అంటాది. ఒగురిద్దురు కాదు, అందురూ. ఇట్ల శుద్ధంగా తప్పు పోయే జట్టును నేను యాడా చూడలేదు."

ఎవరూ నమ్మలేదు. దాసన్న తన ఫోనులో వీడియో తీసి, నెమ్మదిగా నడిపి చూపించాడు. పదహారు కాళ్లు నేలను తాకాక పదహారు జతల కోలలు కలుస్తున్నాయి. తన కాలు కూడా అంతే. శివలీల మూడుసార్లు చూసి ఫోను తిరిగి ఇచ్చింది.

దాసన్న ఎగతాళి చేయలేదు. వీళ్లంతా ఏం పని చేస్తారని అడిగాడు. చెప్పాక తల ఊపాడు.

మగ్గం మీద ముందు కాలు తొక్కాలి. తొక్కితే దారాలు పైకీ కిందకీ విడిపోతాయి. అప్పుడు అడ్డపోగు దారం ఉన్న నాడె విసరాలి, ఆ తర్వాత దువ్వెనలాంటి పన్నె లాగి పోగు బిగించాలి. కాలు ముందు, చేయి వెనక. చేయి తొందరపడితే పోగు తెగుతుంది. ముప్పై ఏళ్లు, రోజుకు వేల సార్లు అలా తొక్కిన కాలు కోలకోసం ఆగదు. కోడుమూరులో పద్దెనిమిదేళ్లప్పుడు శివలీల కాలు సరిగ్గానే పడేది. అప్పటికి ఆమె దారం చుట్టేదే తప్ప మగ్గం ఎక్కలేదు. తన అడుగు ఎప్పుడు మారిందో ఆమెకు తెలియదు. నేర్పింది తాను. నేర్చుకున్నవాళ్లు తనలాంటి వాళ్లు. తేడా పట్టుకునే చెవి కాలనీలో లేదు. తేడాగా ఆడిన ఒక్క మనిషినీ ఇంటికి పంపేసింది.

శివలీల మగ్గం ఆపింది. రెండు రోజులు పొద్దంతా ఇంట్లోనే, గోడకు కోల తాకిస్తూ అడుగు వేసింది. మొగుడు గోపన్న పక్క మగ్గం మీద నేస్తూ చూశాడు.

"ఎట్లుండాది?" అని అడిగింది.

"ముందే పడతాంది."

"ఇప్పుడు?"

"ముందే."

"నువ్వు చూడకుండా చెప్తాండావు."

"చూసేదేముండాది, వినపడతాంది గదా. మగ్గమన్నా ఎక్కు, ఆటన్నా ఆడు. రెండూ చెడగొట్టుకోవద్దు."

మూడో రోజు పొద్దున ఆమె హనుమమ్మ బండి దగ్గరికి పోయింది. గిరాకీ ఉంది. పక్కన నిలబడింది. హనుమమ్మ చూసి కూడా నలుగురికి పొట్లాలు కట్టిచ్చాక తిరిగింది.

"ఉగ్గాని కావాల్నా?"

"వద్దు. నీ కాలు సరిగ్గా పడతాండె. మాదే తప్పు."

హనుమమ్మ జల్లిగరిటెతో నూనెలోంచి మిరపకాయ బజ్జీలు తీసింది. "ఎవురు చెప్పిరి?"

"డోలాయన."

"నేను చెప్తే ఇనలేదు. డోలాయన చెప్తే ఇంటివి." బజ్జీలు పళ్లెంలో గుమ్మరించింది. "నేనేమనుకుంటి తెలుసునా? నీకు జాగా కావాల్సొచ్చి నన్ను పంపితివి అనుకుంటి. కాలనీలో అందురూ అదే అన్నారు."

ఆ సాయంత్రం హనుమమ్మ వెళ్లిపోతుంటే, ఇక ఆ చోటు తనదని శివలీలకు ఒక్క క్షణం అనిపించిన మాట నిజం.

"అదీ ఉండాదేమో," అంది.

హనుమమ్మ ఆమె ముఖంలోకి చూసింది. ఆ జవాబు వస్తుందని అనుకోలేదు. "ఇప్పుడు నేనొస్తే పదిహేడు మందైతారు. ఎవుర్ని తీస్తావు?"

"నేను బయటుంటా."

"రామలక్ష్మమ్మను తీయి. ఆ యమ్మ ఎగరదు, ఊగుతాది."

"ఒకర్ని తీసిందే సాలు."

"నడుము మళ్ల పట్టేసింది నాకు," అని హనుమమ్మ పొయ్యి మంట తగ్గించింది. "వస్తాలే. నీకోసరమని అనుకోవద్దు."

హనుమమ్మ వచ్చినంత మాత్రాన పదిహేను మంది కాళ్లు ఆగలేదు. వారం రోజులు దాసన్న అరిచాడు, బతిమాలాడు, నవ్వాడు. ఉదయం నుంచి సాయంత్రం దాకా మగ్గం నేర్పిందే కాలికి గుర్తుండేది. పనులు ఆపమని ఎవరినీ అడిగే పరిస్థితి లేదు. శ్రావణంలో పెళ్లిళ్లు, చీరలు అందాలి. శివలీల కూడా మళ్లీ మగ్గం ఎక్కింది. చివరికి రామలక్ష్మమ్మ అలిసిపోయి కింద కూర్చుని, "మా గజ్జెలిప్పేస్తే పాయె గదప్పా! మా కాళ్లు తప్పు పోతే ఎవురికి వినపడతాది?" అంది. నవ్వులాటకే అంది. దాసన్న నవ్వలేదు, శివలీల వైపు చూశాడు.

హనుమమ్మ తప్ప అందరూ గజ్జెలు విప్పాలని శివలీల అంది. గొడవ అయింది. గజ్జెలకు పూజ చేసి కట్టుకున్నామని, గజ్జె లేని కోలాటం ఏం కోలాటమని ముగ్గురు ఉరుకుందకు రాబోమని మొండికేశారు. హనుమమ్మ ఒక్కతే గజ్జె కట్టుకుంటుందా అని ఒకామె అడిగింది. బజ్జీలమ్ముకునేదానికి గజ్జెలు, మనకు ఉత్త కాళ్లా అని ఇంకొకామె. శివలీల ఎవరికీ నచ్చజెప్పలేదు. కింద కూర్చుని తన గజ్జెలు విప్పింది. రెండేళ్ల కిందట వాటిని ఆదోనిలో కొనుక్కున్న రోజు ఎంత సంబరపడిందో ఆ ముగ్గురికీ తెలుసు. వాళ్లూ విప్పారు, గొణుక్కుంటూనే.

సోమవారం ఉరుకుందలో జనం కిక్కిరిసి ఉన్నారు. పదకొండు గంటలన్నది పన్నెండున్నర అయింది. ఎండకు నేల కాలుతుంటే పదహారు మంది చెప్పులు లేకుండా దిగారు, గజ్జెలు హనుమమ్మ కాళ్లకే. శివలీల దాసన్న పక్కన, వరసకు బయట, ఈలతో నిలబడింది. దాసన్న హనుమమ్మ పాదం చూసి డోలు వాయించాడు. కోల తగిలినప్పుడల్లా ఒకే గజ్జె, సరిగ్గా కోలతోనే మోగింది. తక్కిన కాళ్లు ముందే పడుతున్నాయని చూసినవాళ్లలో ఎవరికీ తెలియలేదు. శివలీలకు తెలుసు. ఆమె ఈల ఊదుతూ ముప్పై కాళ్ల వైపే చూసింది, ఒక్కటైనా ఆగుతుందేమోనని. ఆగలేదు. అరగంట అయ్యింది. నిర్వాహకులు తలా ఒక కండువా కప్పి, తర్వాతి జట్టును పిలిచారు. బాగుందని ఒకరిద్దరు అన్నారు.

తిరుగు ప్రయాణంలో టెంపోలో చాలామంది నిద్రపోయారు. హనుమమ్మ గజ్జెలు విప్పి, ఒరుసుకుపోయిన చీలమండ రుద్దుకుంటోంది.

"రేపు వస్తావా?" అడిగింది శివలీల.

"ఉరుకుంద అయిపాయె గదా. ఇంగేముండాది?"

"నాకు నేర్పు."

"నేనా? నాకేమొస్తాదని! నువ్వు చెప్పిందే కదా నేను ఆడేది."

"చెప్పింది నేనే. ఆడేది మాత్రం నీకే వస్తాది."

హనుమమ్మ కిటికీలోంచి బయటికి చూసింది.

మంగళవారం సాయంత్రం అలసటతో జట్టులో ఎవరూ రాలేదు. శివలీల గుంతలోంచి లేచి ట్యాంకు దగ్గరికి పోయింది. చాలాసేపటికి హనుమమ్మ చీర మీద పిండి మరకలతో, కోలలు పట్టుకుని వచ్చింది. ఎదురెదురుగా నిలబడ్డారు. ఫోను లేదు, డోలు లేదు. మొదటి దెబ్బకే శివలీల కాలు ముందు పడింది. రెండోసారీ అంతే. పదోసారీ అంతే.

"ఇట్ల కాదు గానీ," అంది హనుమమ్మ. "కాలు లేపు. లేపి ఆడనే పెట్టుకో. నేను చెప్పేదాకా దించాకు."

శివలీల కుడికాలు లేపింది. ఎడమ మోకాలి మీద బరువంతా పడింది. నొప్పి మెల్లగా తొడలోకి ఎక్కుతోంది. హనుమమ్మ కోలలు ఎత్తి పట్టుకుని, ఆ కాలినే చూస్తోంది.

"చెప్పవేమ్మే!"

"ఆగు."