బాపు గీసిన పట్నం

మా బాపు పత్తర్‌గట్టిలో ఒక బట్టల దుకాణంలో గుమాస్తా. పిల్లలకు ఆటసామాన్లు కొనే మనిషి కాదు. ఊళ్లు కొని కిరాయి వసూలు చేసే వ్యాపారం ఆట కావాలని అన్నా నేనూ లొల్లి లొల్లి చేస్తే, చీరల డబ్బా అట్ట చింపి దాని మీద హైదరాబాదంతా గళ్లుగా గీశాడు. బొంబాయి, కలకత్తా మనకెందుకన్నాడు. గవ్వలు వేసి గుండీలు జరపాలి. చింతగింజలే రూపాయలు.

ధరలూ ఆయనే రాశాడు. అన్నిటికంటే ఖరీదు పత్తర్‌గట్టి. ఆ తర్వాత చార్మినార్, మా లాల్‌దర్వాజా. పురానాపూల్ కూడా తక్కువేం కాదు. మూసీ అవతల ఎక్కడో ఉన్న మాదాపూర్‌కు మాత్రం రెండు గింజలు. అన్న ఒకసారి అది కొనబోతే బాపు పొట్ట పట్టుకుని నవ్వాడు.

"గుట్టలు కొని ఏం జేస్తవ్ రా? రాళ్లు నములుతవా?"

ఇంకో కానూను కూడా పెట్టాడు. లాల్‌దర్వాజా గడిలోకి ఎవరొచ్చినా కిరాయి అడగొద్దు. గడి ఎవరిదైతే వాళ్లే లేచి, వచ్చినవాళ్లకు చాయ్ తెచ్చివ్వాలి. "ఇంటికొచ్చినోళ్ల దగ్గర పైసలు గుంజుతమా?" అనేవాడు. ఆ గడి కొంటే నష్టమే. అయినా నేను దాన్నే కొనేదాన్ని, పిచ్చిదాన్ని! అన్న దొంగలెక్క పెట్టి మరీ నా గడిలో ఆగి, చక్కెర తక్కువైందని వంకలు పెట్టేవాడు.

బాపు పోయి చాలా ఏళ్లయింది. అన్న ఇప్పుడు ఆ మాదాపూర్ గుట్టల మీదే, ఇరవయ్యో అంతస్తులో ఉంటున్నాడు. మా ఆయన నౌకరీ దగ్గర్లోనే, యాకుత్‌పురా రైల్వే స్టేషన్‌లో కాబట్టి నేను బాపు ఇంట్లోనే ఉండిపోయాను. మా గల్లీలో ఇళ్లన్నీ ఒక్కొక్కటే గోదాములయ్యాయి. పొద్దున తలుపు తీస్తే పలకరించే మనిషి లేడు, ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీల దొంతరలు. మొన్నామధ్య మా ఇంటికీ బేరం వచ్చింది. ఇల్లు మా అన్నాచెల్లెళ్లిద్దరిదీ. ఆ సంగతి మాట్లాడడానికి అన్న ఒక ఆదివారం కూతుర్ని వెంటేసుకుని వచ్చాడు.

అన్న ఆ మాట ఎత్తుతాడన్న భయంతో నేనే అటక మీంచి బాపు గీసిన అట్ట దించి పరిచాను. పిల్ల ధరలు చూసి పకపకా నవ్వింది.

"అత్తమ్మా, తాత అంతా ఉల్టా రాసిండు! మాదాపూర్ రెండేనా?"

నాకు ఒళ్లు మండిపోయింది. "మీ తాత రాసిందే నిజం. మీ పక్కింటోళ్ల మొకమన్న జూసినవా ఎన్నడన్న?"

పిల్ల బిక్కమొహం వేసింది. "దాని మీద ఎందుకే కోపం?" అన్నాడు అన్న. "నన్ను అను."

ఇక ఆపుకోలేకపోయాను. "అమ్మొద్దన్నా. మీద రెండర్రలు ఖాళీగనే ఉన్నయి. మీరొచ్చి ఉండుండ్రి. నువ్వు లేక ఇల్లు ఇల్లులెక్క లేదు."

అన్న కిటికీలోంచి గల్లీలోకి చూశాడు.

"అమ్మం తీ. నీకిష్టం లేంది నేనెట్ల అమ్ముత చెల్లె? నా వాటా గూడ నీ పేరు మీదనే రాస్త. ఫికర్ జెయ్యకు."

నా ప్రాణం లేచొచ్చింది. "అయితే మీది అర్రలకు సున్నం ఏయించాల్నా?"

"వద్దు," అన్నాడు మెల్లగా, పిల్ల తల నిమురుతూ. "దీని బడి, దోస్తులు అంతా ఆడనే. నాగ్గూడ ఈడ ఇప్పుడు ఊపిరాడ్తలేదు. నేను రానే. నా కోసం ఎదురుచూడకు."

సాయంత్రం అన్న మెట్లు దిగుతుంటే గడపలో నిలబడి చూశాను. ఇల్లు మొత్తం నాదే అయింది. ఇంతకంటే అమ్మేసినా బాగుండేది. అన్నను తిట్టుకుంటూనన్నా బతికేదాన్ని.