ఎర్ర కారులో పది రోజులు

నేను ఒక మనిషి చెయ్యి విరగ్గొట్టినాను. పట్టపగలు, నడిరోడ్డు మీద, జాకీ రాడ్డుతో. ఆ మనిషి నాకు బాగా తెలిసినోడు. ఈ మాట దాచిపెట్టి మిగతాదంతా చెప్పినా అది అబద్ధమే అవుతుంది గాబట్టి ముందే చెప్పేస్తా ఉండాను.

అప్పట్లో చిత్తూరు పక్కన ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు కొనే పని నాది. కాపురం తిరుపతిలో. ఇంట్లో మా అమ్మ, నా భార్య, ఇద్దరు ఆడపిల్లలు. రెండువేల సంవత్సరం దాటి రెండు మూడేండ్లయినాక, ఎవరో వాడి అమ్మేసిన ఏడు సీట్ల వ్యాను ఒకటి కొన్నాను. ముక్కు లేని బండి అది. ఇంజను నా సీటు కిందనే. ఎండాకాలం తొడలు కాలిపోయేవి. ముందర ఒక రేకు, ఆ రేకు ఎనక నా మోకాళ్ళు, అంతే. దేనికన్నా తగిలిందంటే మొదట నుజ్జయ్యేది నా కాళ్ళే. ఆ సంగతి బ్రేకు తొక్కినప్పుడల్లా గుర్తుకొచ్చేది. అరవై దాటితే స్టీరింగు వణికేది. ఎదురుగా లారీ వస్తే ఆ గాలికే బండి ఒక జానెడు పక్కకు జరిగేది.

ఆ బండిలో నేనెప్పుడూ ఒంటిగా ఉన్నిందే లేదు. ఎనక ఎవరో ఒకరు ఉండేవాళ్ళు. మా అమ్మకు మలుపుల్లో కడుపులో తిప్పేది. నిమ్మకాయ ముక్కు కాడ పెట్టుకోని కూచునేది. "నిదానంగా పో నాయనా" అనేది ప్రతి మలుపుకూ. కొండకు పోయేటప్పుడు రెండో గేరులోనే ఎక్కేవాణ్ణి. ఎనకొచ్చే బండ్లు హారన్లు కొట్టి, తిట్టి, దాటుకోని పోయేవి. నేను చెయ్యి చూపించి పొమ్మనేవాణ్ణి.

ఒకసారి రేణిగుంట రోడ్డులో ఒక ప్రైవేటు బస్సు మమ్మల్ని రాసుకోని పోయింది. తప్పు ఆ బస్సుదే. అయినా దాని డ్రైవరు దిగొచ్చి, నా పక్క అద్దంలో నుంచి చెయ్యి లోపలికి పెట్టి నా చెంప మీద కొట్టినాడు. "డబ్బా బండేసుకోని రోడ్డంతా నీదే అనుకున్నావా రా?" అన్నాడు. చెవి గుయ్యిమనింది. ఎనక నా పిల్లలిద్దరూ చూస్తా ఉన్నారు. నేను తలుపు మీద చెయ్యి పెట్టినాను. అమ్మ నా భుజం పట్టుకునింది. "గమ్మునుండు నాయనా, పిల్లోళ్ళుండారు." నేను గమ్మునే ఉన్నాను. ఇంటికొచ్చి అన్నం తిని పడుకున్నాను. ఆ దెబ్బను గురించి ఎవరితోనూ మాట్లాడలేదు. నా భార్య గూడా అడగలేదు. అడగకపోవడమే నాకు ఇంకా జాస్తి నొప్పిగా ఉన్నింది.

నా బామ్మర్ది రోడ్డు కాంట్రాక్టులు చేసేవాడు. ఆ యేడే ఎర్ర కారొకటి కొన్నాడు. చిన్నదే, నలుగురికి సరిగ్గా సరిపోతుంది. దానికి వెడల్పు టైర్లేసి, అద్దాలకు నల్ల ఫిల్ము అంటించి, సైలెన్సరు మార్చినాడు. వీధి మొగదాలకొస్తేనే ఇంట్లో గిన్నెలు అదిరేవి. మామిడికాయల సీజను మద్దెలో ఒకరోజు వచ్చి, "బావా, మా అత్తోళ్ళ తరపు జనం వస్తా ఉండారు. కాళహస్తి, కాణిపాకం అన్నీ తిప్పాల. పది రోజులు నీ వ్యానియ్యి, నా కారు పెట్టుకో" అన్నాడు.

మొదటి దినం ఆ కారెక్కినప్పుడు నేలకు ఆనుకోని కూచున్నట్టుండింది. కాళ్ళు బారుగా చాపుకోవచ్చు. ముందర ఎర్రగా బానెట్టు. నాకూ ప్రపంచానికీ నడాన ఇంత ఇనుముందే అనిపించింది. చంద్రగిరి దాటినాక అట్లా తొక్కినానో లేదో వీపు పోయి సీటుకు కొట్టుకునింది. స్టీరింగు ఏలితో తిప్పితే చాలు, మలుపులో గూడా రోడ్డును కరుచుకోని పోతుంది. నల్ల అద్దాల ఎనక నేనెవరో ఎవరికీ కనపడదు. ఎనక సీటు ఖాళీ. నిదానంగా పొమ్మనే వాళ్ళు ఎవరూ లేరు.

మూడో దినం పనపాకం కాడ ఒక కుక్క అడ్డమొచ్చింది. వ్యానులోనైతే అర మైలు ముందే బ్రేకు మీద కాలుండేది. కారులో నేను కాలు తియ్యలేదు. కింద దబ్బుమనింది, కారు రవ్వంత ఎగిరింది. అద్దంలో చూస్తే ఎనక కాళ్ళు ఈడ్చుకుంటా రోడ్డు మీద తిరుగుతా ఉండాది. ఆపలేదు. ఫ్యాక్టరీకి పోయి బంపరు కడిగించినాను.

అయిదో దినం పాల క్యాన్లు కట్టుకోని మోపెడ్డు మీద పోయే ఒక పెద్దాయన్ని ఆనుకోని హారను కొట్టినాను. ఆయన అదిరిపోయి గుంతలోకి దిగి పడినాడు. పాలు మట్టిలో తెల్లగా పారతా ఉండేది అద్దంలో కనిపించింది. నేను నవ్వినాను. నోరు తెరిచి, గట్టిగా, ఒంటిగా నవ్వినాను. ఆ నవ్వు నాకిప్పటికీ గుర్తుండాది.

ఆ సాయంత్రం ఇంట్లో పెద్దపిల్ల నీళ్ళ చెంబు ఒలకబోసిందని చెయ్యి చేసుకున్నాను. అంతకుముందెప్పుడూ పిల్లల్ని కొట్టినోణ్ణి కాదు. నా భార్య పిల్లను ఎనక్కు లాక్కోని, "నీకేమైంది?" అనింది. "ఏమీ కాలేదు" అన్నాను.

తొమ్మిదో దినం. మధ్యాన్నం పన్నెండు దాటింది. నేండ్రగుంట దాటినాక ఒక ట్రాక్టరు, ట్రాలీ నిండా తోతాపురి కాయలు, రోడ్డు నడిమద్దెలో పోతా ఉండాది. అంచులన్నీ గుంతలు. పక్కకు దించితే కాయలు పడిపోతాయని ఆ డ్రైవరు భయం. అది నాకూ తెలుసు, కాయలు కొనేవాణ్ణి, అట్లాంటి ట్రాలీలు వేలు చూసినాను. అయినా హారను మీద నుంచి చెయ్యి తియ్యలేదు. వాడు చేత్తో ఆగమని సైగ చేసినాడు. ఆ సైగ నాకు కంట్లో కారం కొట్టినట్టుండింది.

సందు దొరకంగానే దాటినాను. దాటి ఊరకే పోయుంటే అయిపోయేది. ట్రాక్టరుకు అడ్డంగా కారు నిలబెట్టినాను. వాడు నిలబడి బ్రేకు తొక్కినాడు. ట్రాలీ ఎగిరి కాయలు బొలబొలా రోడ్డు మీద పడినాయి. మడ్‌గార్డు మీద కూచోనున్న ఆడమనిషి కింద పడబోయి పట్టుకునింది. ఎండకు వాడు తలకూ మొగానికీ తువ్వాలు చుట్టుకోనున్నాడు, కండ్లు మాత్రమే కనిపిస్తా ఉన్నాయి.

"ఎవుర్రా నువ్వు? మమ్మల్ని సంపాలని సూస్తా ఉండావా?" అని అరిచినాడు.

నేను డిక్కీ తెరిచి జాకీ రాడ్డు తీసుకున్నాను. వాడు దిగేలోపలే మొదటి దెబ్బ తొడ మీద పడింది. కిందకు జారినాడు. రెండోది వీపు మీద. ఆ ఆడమనిషి దిగి నా చొక్కా పట్టుకోని లాగింది, ఆమెను నెట్టేసినాను. పెనుగులాటలో వాడి మొగం మీది తువ్వాలు ఊడొచ్చింది.

నాకు తెలిసిన మనిషి. పాకాల పక్క పల్లె. నాలుగెకరాల తోట. మూడు సీజన్లుగా కాయలు మా ఫ్యాక్టరీకే తోలేవాడు. కాపు చూసేదానికి వ్యానులో వాళ్ళ తోటకు పోయినాను, నా పిల్లలు గూడా వచ్చినారు. వాడి భార్య, ఈ ఆడమనిషే మాకు మజ్జిగ కలిపిచ్చింది. చిన్నపిల్లను చంకనేసుకోని తోటంతా తిప్పింది.

వాడు గూడా నన్ను గుర్తుపట్టినాడు. కింద పడుండి, ఎండకు కండ్లు చిట్లించుకోని, "సారూ... మీరా సారూ?" అన్నాడు.

నేను రాడ్డు దించలేదు. ఎత్తినాను. వాడు తలకు అడ్డంగా ఎడమ చెయ్యి పెట్టుకున్నాడు. చెయ్యి మీద పడింది. పచ్చి చెరుకుగడ విరిచినట్టు చప్పుడయింది.

ఆ క్షణం నాకు బాధ కలగలేదు. ఒళ్ళంతా తేలికయిపోయింది. సుఖంగా ఉన్నింది. ఇది నేను పోలీసోళ్ళకు చెప్పలేదు, లాయరుకు చెప్పలేదు, నా భార్యకు గూడా చాలా ఏండ్ల దాకా చెప్పలేదు.

చుట్టుపక్కల చేన్లలో పనిచేస్తా ఉన్న జనం కట్టెలు పట్టుకోని పరిగెత్తుకోనొచ్చినారు. ఎవరు ఎంత కొట్టినారో తెలీదు. నా పండ్లు రెండు ఊడి మట్టిలో పడినాయి, నాలికతో తడుముకుంటే సందు తగిలింది. పక్కటెముకలు రెండు చిట్లినాయి. కారు అద్దాలన్నీ పగలగొట్టినారు, బానెట్టు మీద బండరాళ్ళేసినారు. ఆ ఆడమనిషి చెప్పు తీసుకోని నా మొగం మీద కొడతానే ఉండాది, ఏడుస్తా కొడతా ఉండాది. అప్పుడు వాడు రోడ్డు మీద కూచోని, విరిగిన చేతిని ఒళ్ళో పెట్టుకోని, "సాలించండప్పా, సచ్చిపోతాడు, ఇడవండి" అని అరిచినాడు. వాడు అరవకపోయుంటే నేనీ మాటలు రాయడానికి ఉండేవాణ్ణి కాదు.

ఇద్దర్నీ చిత్తూరు పెద్దాసుపత్రికే తెచ్చినారు. ఒకే వార్డు. నడాన మూడు మంచాలు. మరుసటి దినం నా భార్య, మా అమ్మ వచ్చినారు. బామ్మర్దీ వచ్చినాడు. వాడు ముందే కారును చూసొచ్చినాడు, మొగం నల్లగా ఉండాది. అయినా నా పక్కన కూచోని మెల్లిగా అన్నాడు: "బావా, వాళ్ళూ నిన్ను కొట్టినారు గదా. వాడే ముందు ట్రాక్టరుతో గుద్దేదానికొచ్చినాడని కౌంటరు కేసు పెడదాం. మనోళ్ళుండారు స్టేషన్లో."

 నా భార్య నా కండ్లల్లోకి చూసి, "ముందు కొట్టింది ఎవరు?" అనింది.

"నేనే."

"ఆయన్ని గుర్తుపట్టినాక ఆపినావా?"

అబద్ధం చెప్పాలనే ఉన్నింది. గుర్తుపట్టలేదు, ఎండ, తువ్వాలు, ఇవన్నీ నోట్లోకొచ్చినాయి. మూడు మంచాల అవతల వాడు పైకప్పు చూస్తా పడుకోనున్నాడు, మా మాటలు వింటా ఉన్నాడో లేదో తెలీదు.

"లేదు" అన్నాను.

మా అమ్మ లేచి ఆ మంచం కాడికి పోయింది. ఏం మాట్లాడిందో నాకు వినపడలేదు. వాడి భార్య మా అమ్మను దగ్గరికి రానియ్యలేదు. "మీ కొడుకును జైల్లో ఏసినాక రా తల్లీ, అప్పుడు మాట్లాడదాం" అని మాత్రం వార్డంతా వినపడేట్టు అనింది. మా అమ్మ తలూపి తిరిగొచ్చింది.

నా కట్లు విప్పినాక నేనొకసారి వాళ్ళ ఊరికి పోయినాను. నడిచి పోయినాను, బస్సు దిగి. వాడు ఇంటి ముందర అరుగు మీద కూచోనున్నాడు. చెయ్యి మోచేతి కాడ వంకరగా అతుక్కోనుండాది. కూచోమనలేదు. నేను నిలబడే క్షమించమని అడిగినాను.

"రోడ్డు మీద కొట్లాటలు అవతానే ఉంటాయి సారూ" అన్నాడు. "ఎండలో ఎవుడికైనా మతి పోతాది. నేను గూడా ఒకసారి ఆటోవోణ్ణి కొట్టినాను. కానీ నేను సారూ అని పిలిసినాక ఇంకోటి కొట్టినావు సూడు. దానికి నా కాడ జవాబు లేదు. పో."

కోర్టులో రాజీ పడమని లాయర్లిద్దరూ చెప్పినారు. వాడి భార్య ఒప్పుకోలేదు. నేను తప్పొప్పుకున్నాను. బామ్మర్దికి నా మీద అప్పటికే కోపం, ఆ దినంతో మాటలు గూడా పోయినాయి. మూడు నెలలు జైల్లో ఉన్నాను. మొదటి వారం ఒకడు దుప్పటి కోసం నన్ను కొట్టినాడు. నేను తిరిగి కొట్టలేదు. మంచితనమేం కాదు. నా చెయ్యి లేస్తే ఎక్కడ ఆగుతుందో నాకే తెలీదు, ఆ భయం.

ఫ్యాక్టరీ ఉద్యోగం పోయింది. బయటికొచ్చినాక వ్యానులో టీచర్లను తిరుపతి నుంచి ఏర్పేడు పక్క బళ్ళకు తోలేవాణ్ణి. చానా ఏండ్లు అదే పని. దోవలో తిట్టినోళ్ళుండారు, ఒకడైతే అద్దం మీద ఉమ్మినాడు. తుడుచుకోని పోయినాను.

పెద్దపిల్ల కాలేజీకి పోయే వయసొచ్చినాక ఒక దినం వంటింట్లో అడిగింది, వాళ్ళమ్మ పక్కనే ఉండంగా. "నాయనా, ఆయప్ప నిన్ను పేరుపెట్టి పిలిచినట్టే గదా. ఎందుకు ఆపలేదు?"

ఆ కారు అట్లాంటిది పాపా అనబోయినాను. నా భార్య గరిటె కింద పెట్టి నా వైపు తిరిగింది.

"ఆపాలనిపించలేదు" అన్నాను.

 పాప ప్లేటు తీసుకోని ముందర గదిలోకి పోయి తినింది. నేనూ నా భార్యా వంటింట్లోనే నిలబడుకోని తిన్నాము. అప్పుడే, తింటా తింటా, ఆ దెబ్బ వేసినప్పుడు నాకు సుఖమనిపించిన మాట ఆమెకు మొదటిసారి చెప్పినాను. ఆమె నా మొగం చూడకుండా, "నాకు తెలుసు" అనింది.