పొద్దుగూకేదాంక నడిపిన మిషన్

“ఇగ మిషన్ తేకు బిడ్డా” అన్నది ఖాలమ్మ ఫోన్ల.

నాకు ఎంటనే సమజ్ కాలె. “అయిపోవచ్చింది ఖాలమ్మా, ఇంకో గంటల బయలెల్లుత” అన్న. అటుదిక్కు ఏడుపు ఇనబడ్డది. అప్పుడు తెలిసింది, మా ఉస్తాద్ పోయిండని. కురవిల ఇంటికాడికెల్లి మహబూబాబాద్ దవాఖానకు ఆటోల తీసుకొస్తుంటే తొవ్వలనే పానం పోయిందట. ఖాలమ్మ ఆయన భార్య. నలభై దినాల ఫాతియా మొన్ననే అయింది. ఉస్తాద్ గురించి నాలుగు మంచి మాటలు రాయమని తెలిసినోళ్లందరు అడుగుతున్నరు. రాస్త. కని ఒక్క ముచ్చట దాచిపెట్టి తక్కినయి రాస్తే అది అబద్ధమైతది. అందుకే అన్నీ చెప్పుకుంటున్న, మీరు తిట్టినా సరే.

మహబూబాబాద్ స్టేషన్ ఎనుక గల్లీల మా రిపేర్ దుకాణం. బోరు మోటర్ల స్టార్టర్ బోర్డులు, ఇన్వర్టర్లు, మిర్చి తూకం మిషన్లు. జనగామ కాడికెల్లి, మొగుళ్లపల్లి కాడికెల్లి సంచులల్ల ఏస్కోని తెచ్చేటోళ్లు. నేను ఐటీఐ చేసి పనికోసం తిరుగుతుంటే, ఆడిపిల్లకు సోల్డరింగ్ ఏందని అందరు నవ్విన్రు. ఉస్తాద్ నవ్వలె. “చెయ్యి వణుకుతదా?” అని అడిగిండు. వణకదన్న. “కోపం వస్తదా?” వస్తదన్న. “అది నేను చూసుకుంట, కూసో” అన్నడు. పదిహేడేండ్లు కూసున్న.

ఆయన చేతిల ఎప్పుడు ఒక పెన్ను ఉండేది. రాసేది కాదు. పాత రేడియోల నుంచి తీసిన చిన్న ఫెర్రైట్ ముక్కకు, ఎంట్రుక అంత సన్నటి రాగి తీగను వందల చుట్లు చుట్టి, ఖాళీ బాల్‌పెన్ను గొట్టంల పెట్టిండు. తీగ కొసలు తీస్కపోయి పాత టేప్‌రికార్డర్ ఆంప్లిఫైయర్‌కు కలిపి, దానికి స్పీకర్ పెట్టిండు. కరెంటు నడిచే బాట సుట్టు అయస్కాంతం పుడ్తది గదా, కంటికి కనబడది, కని ఆ పెన్నుకు తెలుస్తది. బోర్డులకు సన్నటి కూత లెక్క కరెంటు పంపి, పెన్నును బాట మీదికెల్లి నడిపిస్తే స్పీకర్ల కూత ఇనబడ్తది. షార్టు ఎక్కడుందో అక్కడిదాంక మోగుతది, అది దాటంగనే గప్‌చుప్. ముట్టుకునే పని లేదు, గీకే పని లేదు. “సూదితోని పొడిస్తె బోర్డు ఏడుస్తది బేటీ, దాన్ని ఇనాలె” అనేటోడు. కండ్లు మూసుకొని, సాసర్ల చాయ్ పోసుకొని, ఒక్కొక్క గుటక తాగుకుంట ఇనేటోడు. నాకేమో అంత ఓపిక యాడిది? నేను పెన్నును జరజర గుంజుతుంటే “అరె, రోడ్డు ఊడుస్తున్నవా?” అని ఎక్కిరించేటోడు. రైలు పోయినప్పుడల్లా స్పీకర్ బర్రుమనేది. అప్పుడు చెయ్యి ఆపి, “పోనీ. అది మన ముచ్చట కాదు” అనేటోడు.

దుకాణంల ఒకటే కానూన్. బాగైన బోర్డును పొద్దుగూకేదాంక మన బల్ల మీదనే నడపాలె. అప్పటిదాంక ఎవ్వలకు ఇయ్యద్దు, ఎంత బతిమిలాడినా సరే. ఒకసారి మొగుళ్లపల్లి రైతొకాయన తొందర పెడ్తే, నేను గంట నడిపి స్టార్టర్ బోర్డు ఇచ్చిన. అది పొలం కాడ మల్ల కాలిపోయింది, మోటర్‌ను గూడ తీస్కపోయింది. ఉస్తాద్ నన్నొక్క మాట అనలె. బస్సెక్కి పోయి, ఆ రైతు ముందట చేతులు కట్టుకొని నిలబడి, తప్పు తనదేనన్నడు. తిరిగొచ్చినంక నాతోని ఒకటే అన్నడు: “బాగైంది అనే మాట పొద్దుగూకినంకనే అనాలె.” ఆ దినం సంది నేను ఆ మాట జవదాటలె. నా కొంప ముంచింది గూడ అదే.

రెండేండ్ల సంది ఆయనకు ఊపిరితిత్తులు ఖరాబైనయ్. సోల్డరింగ్ పొగనో, బీడీలో, రెండు కలిసో. ఇంట్ల ఆక్సిజన్ ఇచ్చే గాలి మిషన్ పెట్టిన్రు. ముక్కుకు పైపు పెట్టుకొని మంచంల కూసునేటోడు, ఫోన్ల నన్ను సతాయించేటోడు. ఆయన పోయిన దినం తెల్లారంగనే ఆ మిషన్ బందైంది. కిరాయికి సిలిండర్ తెచ్చి పెట్టిన్రు, రాత్రిదాంక వస్తదని ఇచ్చినోడు చెప్పిండట. నేను పోయి మిషన్‌ను ఆటోల ఏస్కోని దుకాణానికి తెచ్చిన.

పెన్ను పట్టిన. చేతులు వణుకలె, ఆయన నేర్పినట్టే మెల్లగ నడిపిన. ఒక చిన్న కెపాసిటర్ కాడ కూత ఆగింది. మార్చిన. పగటి బువ్వ యాళ్లకు మిషన్ నడిచింది. ఫోన్ చేసి, నడుస్తున్న బోర్డు మీద పెన్ను పెట్టి, స్పీకర్‌ను ఫోన్ల ఇనిపిచ్చిన. ఉస్తాద్ చానాసేపు ఇన్నడు. “అల్లాకు షుక్కర్...” అన్నడు, ఊపిరి తీసుకొని. “మంచిగ... మోగుతున్నది. పొద్దుగూకేదాంక... నడపు బేటీ.” ఖాలమ్మ ఫోన్ తీసుకొని, “ఇప్పుడే తేరాదా బిడ్డా?” అన్నది. నేనేమన్న? “ఊకో ఖాలమ్మా, కానూన్ ఉస్తాద్‌దే గదా” అని నవ్విన.

నవ్విన! ఆ మిషన్‌ను ఆయన మంచం పక్కన పెట్టి గూడ నడపచ్చు గదా. గాడిదకైనా తట్టే ముచ్చట. పొద్దుగూకేదాంక ఆడ నడిస్తే ఏంది, ఈడ నడిస్తే ఏంది? పదిహేడేండ్లు బోర్డుల మీద తప్పులు పట్టిన నాకు ఇంత ముచ్చట తట్టలె. ఉస్తాద్‌కు గూడ తట్టలె. గంట గంటకు పెన్ను పెట్టి ఇనుకుంట కూసున్న, ఎంత సాఫ్‌గ మోగుతున్నదో అని మురిసిన. నాలుగు కొట్టంగ అక్కడ సిలిండర్ అయిపోయింది.

మట్టి అయినంక ఖాలమ్మ కాళ్లు పట్టుకున్న. “ఆయనే గదా బిడ్డా నడపమన్నది” అని నా తల నిమిరింది. ఆటోల ఏమన్న అన్నడా అని అడిగిన. అడగకపోతే బాగుండు. “ఒకటే అడిగిండు, పొద్దుగూకిందా అని. ఇంకా లేదు అన్న” అని చెప్పింది.

ఎవరన్న ‘రాసిపెట్టి ఉంది’ అంటే నాకు కోపం వస్తది. రాసిపెట్టి ఏం లేదు. బాగైన మిషన్ ఉన్నది, దానికోసం సూసే మనిషి ఉన్నడు, నడుమ నేనున్న. గంతే. నాకు పని నేర్పినందుకు, కోపాన్ని భరించినందుకు ఆయనకు ఎన్నిసార్లు దండం పెట్టినా తక్కువనే. కని దండం పెట్టేటందుకు చేతులెత్తితే, మిషన్‌ను పోనియ్యకుంట పట్టుకున్న చేతులే కనబడ్తున్నయ్.

మూడు దినాలైనంక దుకాణం షట్టర్ ఎత్తిన. లోపట సప్పుడైతున్నది. ఫోన్ రాంగనే షట్టర్ గుంజి ఉరికినదాన్ని, మిషన్ బందు చేసుడు యాదికి లేదు. అది నడుస్తనే ఉన్నది. పైపు బల్ల మీదికెల్లి జారి కింద పడ్డది. దాని కొసకెల్లి గాలి వస్తున్నది. మూడు దినాల దుమ్ము నేలంత పేరుకున్నది గని, ఆ పైపు ముందట మాత్రం జానెడు జాగ సాఫ్‌గ ఉన్నది.