సుగుణ కొవ్వొత్తులు, సుగుణ ఊపిరి

ఆ రోజు మధ్యాహ్నం నా భార్య సుగుణ మేడ మీద ఆరేసిన దుప్పటి తెస్తానని వెళ్లి ఉత్త చేతులతో దిగివచ్చింది. మా మేడకు పద్నాలుగు మెట్లు. చివరి మెట్టు మీద కూలబడి, మాట్లాడవద్దని నాకు చేత్తో సైగ చేసింది. రొప్పు తగ్గాక తల ఎత్తింది.

"దుప్పటి ఏది?" అన్నాను.

"పైనే ఉండాది. మీరే తెచ్చుకోండి. నాకు ఊపిరి ఆడలా."

"వయసు సుగుణా. యాభై దాటినాక మెట్లు అట్నే ఉంటాయి."

"మీకు అరవై దాటినాయి గదా. మీరు ఎక్కి దిగతానే ఉండారే."

నవ్వి, వెళ్లి దుప్పటి తెచ్చాను. ఇప్పుడు ఆ నవ్వు తలుచుకుంటే నా మీద నాకు రోత పుడుతుంది. జరిగినదంతా వరుసగా రాస్తాను. ముందుగా ఒక మాట చెప్పాలి. ఇది జబ్బు నయమైన వాళ్ల అనుభవం కాదు. తిరిగి బాగుపడవని డాక్టర్లు చెప్పేసిన ఊపిరితిత్తులతో సుగుణ మూడో ఏడు గడుపుతోంది. ధైర్యవచనాల కోసం ఈ పేజీ తెరిచినవారికి నా దగ్గర అవి లేవు.

మాది అల్లూరు. నేను హైస్కూలులో సోషల్ చెప్పి రిటైరయ్యాను. మూఢనమ్మకాల మీద, ఆడవాళ్ల చాకిరీ మీద ముప్పై ఏళ్లుగా వ్యాసాలు రాశాను, సభల్లో వాదించాను. సుగుణ క్రైస్తవుల ఇంట పుట్టింది. ఆదివారం చర్చికి వెళ్తుంది, నేను వెళ్లను. దాని గురించి మేము ఎప్పుడూ తగువు పడలేదు.

చర్చిలో క్రిస్మస్ ఆరాధనకు కొవ్వొత్తులు తామే చేసుకుంటే బాగుంటుందని ఒక ఏడు సుగుణకు అనిపించింది. ఫోనులో వీడియోలు చూసి నేర్చుకోవడం మొదలుపెట్టింది. మామూలు మైనం పెట్రోలియం నుంచి వస్తుందని, అది కాలిస్తే మసి అని, సోయా గింజల మైనం అయితే శుభ్రమని చెప్పింది నేనే. చెన్నై నుంచి సంచి తెప్పించింది కూడా నేనే. సంచి మీద ఆకు బొమ్మ, దాని కింద 'నేచురల్' అని పెద్ద అక్షరాలు. విభూతి తెచ్చి ఇచ్చినవాణ్ణి నిదర్శనం చూపించమని నిలదీసే మనిషిని, ఆ ఒక్క మాట చదివి తృప్తిపడ్డాను.

సుగుణ నేర్చుకున్న తీరు చూసి నేను ఆశ్చర్యపోయాను. మైనం తునకలను నీళ్ల గిన్నెలో పెట్టిన చిన్న గిన్నెలో కరిగించేది. థర్మామీటరు చూసి, వేడి సరిపోయాకే సెంటు నూనె తూకం వేసి కలిపేది. రెండు నిమిషాలు ఒకే వైపు తిప్పేది. కొంత చల్లారాక, అడుగున ఒత్తి అంటించిన గాజు గ్లాసులో సన్నని ధారగా పోసేది. మొదట్లో అన్నీ చెడిపోయాయి. ఒకదాని మధ్యలో గుంట పడింది, ఒకదాని మీద బూజులాంటి తెల్ల పొర వచ్చింది, ఒకదాంట్లో ఒత్తి మైనంలో మునిగి ఆరిపోయింది. ప్రతి తప్పూ నోటుబుక్కులో రాసుకుంది. నాలుగు నెలలకు మల్లె, గంధం, నిమ్మగడ్డి వాసనలు కుదిరాయి. నెల్లూరులో రెండు దుకాణాలవాళ్లు అడిగి తీసుకున్నారు.

ఆమెకు కుదరనిది గాలి ఒక్కటే. మా ఊళ్లో మధ్యాహ్నమయ్యేసరికి సముద్రం మీది నుంచి గాలి లేస్తుంది. అది తగిలితే గ్లాసులో మైనం ఒక పక్క ముందు గడ్డకట్టి పైభాగం వంకర తిరుగుతుంది. పైగా రొయ్యల గుంటల కంపును మోసుకొస్తుంది, ఆ కంపులో ఏ సెంటు ఎంత పడిందో తెలియదు. అందుకని సుగుణ వంటింటి పక్క గదిలో కిటికీలు మూసి, తలుపు కింద పాత చీర కుక్కి, ఫ్యాను ఆపి పని చేసేది. కొత్త ఒత్తి తెచ్చినప్పుడల్లా మైనం సమంగా కరుగుతుందో లేదో చూడటానికి నాలుగు గంటలు వెలిగించాలి. మంట కదలకూడదు కాబట్టి అదీ ఆ గదిలోనే. ఆమె దగ్గరి సెంటు నూనెల్లో ఒకదాని పేరు 'ఓషన్ బ్రీజ్'. సముద్రపు గాలిని బయట పెట్టి తలుపు మూసి, సీసాలోది పీల్చింది నా భార్య. ఆ గది ముందు నుంచి రోజుకు పదిసార్లు నడిచిన నాకు అది తట్టలేదు.

దుప్పటి సంగతి జరిగిన వారానికి పొడిదగ్గు మొదలైంది. నెల్లూరులో ఒక డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లాను. మంచివాడే. స్టెతస్కోపు పెట్టి చూసి, చీటీ రాస్తూ తలెత్తకుండా అడిగాడు.

"ఆమె ఏం పని చేస్తారు?"

"ఏ పనీ లేదండి. ఇంట్లోనే ఉంటుంది," అన్నాను నేను.

సుగుణ నా పక్కనే కూర్చుని ఉంది.  డాక్టరు 'హౌస్ వైఫ్' అని రాసుకున్నాడు.

ఎక్స్‌రే తీశారు. టీబీ కోసం కఫం పరీక్ష మూడుసార్లు చేశారు, నెగెటివ్. "అలర్జిక్ బ్రాంకైటిస్ లాగుంది, ఇన్‌హేలర్ వాడండి, దుమ్ముకు దూరంగా ఉండండి," అన్నాడు. యాంటీబయాటిక్ కోర్సులు మూడు అయ్యాయి. దుమ్ముకు దూరంగా ఉండమన్నారు కదా అని సుగుణ ఆ మూసిన గదిలో మరింత సేపు గడిపింది. ఆ గది ఇంట్లోకెల్లా శుభ్రమైనది. ఇలా ఎనిమిది నెలలు నడిచాయి.

ఈలోగా పక్కింటి రూతమ్మక్క ప్రార్థన చేసిన నూనె సీసా తెచ్చింది. "రొమ్ముకు రాయి సుగుణా. మా తమ్ముడి కూతురికి దీంతోనే తగ్గినాది," అంది.

నేను ఊరుకోలేదు. "ఏం జబ్బు ఆ పిల్లకు? ఏ డాక్టరు చూసినాడు? మందులు వాడలేదా?" అని ప్రశ్నలు వేశాను.

"నీతో నాకెందుకు అన్నా, నేను సుగుణతో మాట్లాడతా ఉండా," అని రూతమ్మక్క కుర్చీ అటు తిప్పుకుంది.

ఆమె వెళ్లాక సుగుణ అంది: "ఆ నూనె నేను రాసుకోను. కానీ ఆమె వచ్చి గంట కూర్చుంటాది. మీ వాదం నా పక్కన కూర్చోదు గదా."

తర్వాత ఒక ఉదయం స్నానం చేసి వచ్చి మంచం మీద పడిపోయింది. పెదవులు నీలంగా ఉన్నాయి. నెల్లూరు డాక్టరు వేలికి మిషను తగిలించి, వరండాలో రెండుసార్లు నడిపించి, నంబరు చూసి మొహం మార్చుకున్నాడు. ఆక్సిజన్ ఎనభై ఆరు శాతమే. "ఇది నా చేతుల్లోది కాదు. చెన్నైలో ఊపిరితిత్తుల స్పెషలిస్టుకు రాస్తున్నాను, ఆలస్యం చేయొద్దు," అన్నాడు.

చెన్నైలో హెచ్‌ఆర్‌సీటీ, పీఎఫ్‌టీ, బ్రాంకోస్కోపీ అని స్కాను, ఊపిరి ఊదే పరీక్ష, గొట్టం దింపి చూడటం అన్నీ అయ్యాయి. చూసిన డాక్టరు ఒక ఆవిడ, తెలుగు వచ్చినావిడ. రిపోర్టులు ముందు పెట్టుకుని, "ఇంట్లో పావురాలు ఉన్నాయా? కూలర్ ఉందా? గోడలకు చెమ్మ, బూజు?" అని అడిగింది. అన్నిటికీ నేను లేదన్నాను. "రోజంతా ఏం చేస్తారు?" అంది. నేను నోరు తెరిచాను.

"మీరు కాదు సార్. ఆమెను చెప్పనివ్వండి."

సుగుణ చెప్పింది. "క్యాండిల్స్ చేస్తానమ్మా. రోజుకు నాలుగైదు గంటలు."

"ఎక్కడ?"

"వంటింటి పక్క గదిలో."

"గాలి వస్తుందా?"

"రానీనమ్మా. గాలొస్తే పైన వంకర తిరగతాది."

డాక్టరు పెన్ను కింద పెట్టింది. "ఎన్నాళ్ల నుంచి?"

"రెండేండ్లు దాటినాది."

"ఇంతకుముందు చూసినవాళ్లకు ఇది చెప్పారా?"

సుగుణ నా వైపు చూడలేదు. "వాళ్లు నన్ను అడగలేదమ్మా," అంది.

జబ్బు పేరు ఫైబ్రోటిక్ హైపర్‌సెన్సిటివిటీ న్యూమోనైటిస్. పీల్చిన ఏదో ఒక పదార్థం మీద ఊపిరితిత్తులు తిరగబడి, వాచి, వాచిన చోట మచ్చలు కడతాయి. స్కానులో కింది భాగం తేనెపట్టులా చిల్లులు పడి కనిపించింది. "వాపు ఉన్నంత మేర స్టెరాయిడ్స్‌తో తగ్గవచ్చు. మచ్చ పడింది వెనక్కి రాదు," అంది డాక్టరు. కొవ్వొత్తులే కారణమా అని అడిగాను. "అదేనని నేను రాసివ్వలేను. సెంట్ నూనెలు అనుమానించాల్సినవే, వేరే ఏదైనా కూడా కావచ్చు. కొందరిలో కారణం ఎప్పటికీ దొరకదు. కానీ అనుమానం ఉన్నదాన్ని మొదటి రోజే ఆపించేదాన్ని." ఎనిమిది నెలల ముందే వచ్చి ఉంటే ఎలా ఉండేదని అడిగాను. "ఆ లెక్క నన్ను అడగకండి," అంది.

కొవ్వొత్తులు చేసే వారందరికీ ఇది వస్తుందని నేను అనడం లేదు. అలా అంటే నేను కూడా రూతమ్మక్క తమ్ముడి కూతురి కథలాంటిదే చెప్పినవాణ్ణవుతాను. నాకు తెలిసింది ఇంతే. నెల్లూరు డాక్టరు అడగవలసిన ప్రశ్న మొదటి రోజే అడిగాడు. నేను తప్పు జవాబు చెప్పాను.

ఇంటికి వచ్చిన రోజు సుగుణను అడిగాను. "ఆ రోజు నెల్లూరులో నువ్వెందుకు చెప్పలేదు?"

"మీరు ఏ పనీ లేదని చెప్పేసినారు. నేను ఉందంటే మా ఆయన అబద్ధం చెప్పినాడని డాక్టరు ముందర అన్నట్టు గదా."

"అనాల్సింది."

"ముప్పై ఏండ్లుగా ఆడోళ్ల చాకిరీ మీద రాస్తా ఉండారు. అన్నీ ప్రూఫ్ చూసింది నేనే. మీరే లేదన్నారంటే, ఇది పని కిందకి రాదేమో అనుకున్నా," అంది. వెటకారంగా అనలేదు. మామూలుగా అంది.

స్టెరాయిడ్స్‌తో ఆరు వారాలు బాగుంది. మేడ మెట్లు సగం ఎక్కింది. ఆ ఆరు వారాలే మాకు మిగిలిన మంచి రోజులని అప్పుడు తెలియదు. తర్వాత మొహం ఉబ్బింది, షుగర్ వచ్చింది. మచ్చలు పెరగకుండా ఇచ్చిన మాత్రలకు తిండి సయించక పదకొండు కిలోలు తగ్గింది. వానాకాలంలో ఇన్‌ఫెక్షన్ వచ్చి ఐసీయూలో తొమ్మిది రోజులు మొహానికి ఊపిరి లోపలికి నెట్టే బైపాప్ మాస్కు కట్టారు. బయటికి వచ్చేటప్పుడు డాక్టరు నన్ను పక్కకు పిలవలేదు, ఆమెకే చెప్పింది. "ఇక ఇంట్లో ఆక్సిజన్ ఉండాలి సుగుణగారూ. ట్రాన్స్‌ప్లాంట్ గురించి ఆలోచించవచ్చు, కానీ ఈ బరువుతో మీరు ఆపరేషను తట్టుకోవడం కష్టం."

సుగుణ వద్దంది. నేను వాదించబోయి మానుకున్నాను.

ఇప్పుడు మా హాల్లో ఆక్సిజన్ కాన్సంట్రేటర్ పగలూ రాత్రీ ఆడుతుంటుంది. దాని గొట్టం మంచం నుంచి వరండా వరకు వస్తుంది, వంటింటి గుమ్మం దగ్గర ఆగిపోతుంది. అక్కడికి ఆమె రాకూడదు కూడా. ఆక్సిజన్ ఉన్నచోట మంట పనికిరాదు. పొయ్యిని పెరట్లోని రేకుల కిందికి మార్చి నేనే వండుతున్నాను. కరెంటు పోతే టార్చిలైట్లే. మిగిలిన కొవ్వొత్తులు, సెంటు సీసాలు నేనే బయటికి చేర్చాను. నోటుబుక్కు మాత్రం ఇవ్వనంది. ఒకరోజు చిట్టమూరు నుంచి కొవ్వొత్తులు నేర్చుకుంటున్న ఒకమ్మాయి ఫోను చేసి, తనకు మైనం మీద తెల్లపొర వస్తోందని అడిగింది. "పొర వస్తే రానీ తల్లీ. ముందు కిటికీ తెరువు. అందం చెడినా ఏం కాదు," అంది సుగుణ. ఆ రెండు మాటలకు ఎంతో సేపు పట్టింది. ఆ అమ్మాయి తెరిచిందో లేదో మాకు తెలియదు.

ఆమె పోతుందని ఇద్దరికీ తెలుసు. పై లోకంలో కలుస్తామని ఆమె నమ్ముతుంది, నేను నమ్మను. ఆ విషయం మీద నాకు వాదించే శక్తి లేదు, ఓదార్పు పొందే దారీ లేదు. నమ్మకం లేనివాడికి దుఃఖం తక్కువగా ఉంటుందని ఎవరైనా అనుకుంటే అది పొరపాటు.

చదివే మగవారికి ఒక్క సలహా. మీ ఇంటి మనిషిని డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లే ముందు రోజు, ఆమె పొద్దున లేచింది మొదలు ఏయే పనులు చేస్తుందో, ఏ గదిలో, ఏ పొగలో, ఏ వాసనలో చేస్తుందో ఆమెనే కాగితం మీద రాయమనండి. అక్కడ డాక్టరు ప్రశ్న వేశాక మీరు నోరు మూసుకోండి. సుగుణకు ఇప్పుడు ఒక వాక్యం చెప్పడానికి మూడుసార్లు ఊపిరి పీల్చుకోవాలి. నేను ఆగుతున్నాను.