సుంకమ్మ ఆరబెట్టిన పాతర

జొన్నలు దాచే పాతరలు మెత్తడంలో ఆలూరు చుట్టుపక్కల సుంకమ్మ చేతికి పేరుండేది. పాతరంటే నేలలో తవ్విన లోతైన గొయ్యి. లోపల కాస్త చెమ్మ మిగిలినా ఏడాది తిండి బూజు పడుతుంది. మాదిగవాడలో పుట్టిన సుంకమ్మ ఆ పని తండ్రి దగ్గర నేర్చుకుంది. ఆమె మెత్తిన పాతరలో గింజ చెడిందని ఎవరూ అనలేదు. గింజలు పోసేటప్పుడు మాత్రం ఆమెను దూరంగా నిలబెట్టేవారు.

1954లో, కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో, పాతబస్తీలోని ఒక పాత గ్రంథాలయం గదులు సగం సర్కారు కచేరీలకు పోయాయి. తాళపత్రాలు, పాత పుస్తకాలు పెట్టే చోటు లేక కమిటీవారు భవనం కిందనే మూడు నేలమాళిగలు తవ్వించారు. తవ్వడం అయింది గాని చెమ్మ పోలేదు. ఎవరో చెబితే సుంకమ్మను పిలిపించారు.

ఈ పాతరలో ఏం పోస్తారని ఆమె గ్రంథాలయం చూసుకునే ఓబులేసును అడిగింది. పుస్తకాలన్నాడు. మళ్లీ ఎప్పుడు తీస్తారంది. తీయడానికి కాదు, భద్రంగా ఉంచడానికన్నాడు.

"తీసేది లేకపోతే దాచేదెందుకప్పా? మేమైతే తినేదానికి దాచుకుంటాం" అని నవ్వింది.

నలభై రోజులు పనిచేసింది. ఎర్రమన్ను, బూడిద, సున్నం కలిపి గోడలూ నేలా మెత్తింది. రోజూ కందికట్టెతో మంట పెట్టి, పొగ పోయాక దిగి, గోడకు చెంప ఆనించి చూసేది. చెంపకు చెమ్మ తగలని రోజున, ఇక పుస్తకాల పెట్టెలు దించుకోవచ్చుననీ, ఒక్క తాటాకు కూడా చెడదనీ మాటిచ్చింది.

మర్నాడు పొద్దున కమిటీ పెద్ద, బట్టల వ్యాపారి రామకోటయ్య, ఇరవై బిందెల నీళ్లు తెప్పించి మెట్ల దగ్గర పెట్టించాడు. ఎందుకని సుంకమ్మ అడిగింది. గ్రంథాలంటే సరస్వతి కదా, ముందు గదులు కడిగి శుద్ధి చేయాలని ఆయన మామూలుగానే చెప్పాడు. ఎవరి చెయ్యి పడిందని కడుగుతున్నారో చెప్పలేదు. అలాంటి నీళ్లు ఎవరు తాకిన చోట పోస్తారో మన ఊళ్లలో పసివాళ్లకు కూడా తెలుసు.

సుంకమ్మ మెట్లకు అడ్డంగా నిలబడింది. నీళ్లు పోస్తే మన్ను తాగేస్తుందనీ, వానలొచ్చే లోపల మళ్లీ ఆరదనీ, పుస్తకాలు చెడితే తన మాట పోతుందనీ చెప్పింది. రామకోటయ్య పక్కకు జరగమన్నాడు. ఆమె మూలనున్న పార తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"నీళ్లతో పోయేది కాదు సామీ. గోడంతా నా చెయ్యే ఉండాది. కావాలంటే గోకి పారేయండి. తడి మాత్రం చేయొద్దండి."

పక్కనే ఉన్న ఓబులేసు, తడి గదిలో పుస్తకాలు పెడితే పూచీ తనది కాదని తాళంచేతులు తీసి రామకోటయ్య చేతిలో పెట్టాడు.

రామకోటయ్య విసురుగా మెట్లు దిగాడు. గోడకు అరచెయ్యి ఆనించి, అటూ ఇటూ జరిపి చూశాడు.

"తడి లేదు" అన్నాడు కిందినుంచి.

"మైల ఉండాదా సామీ?" అని సుంకమ్మ పైనుంచి అడిగింది.

ఆయన చెయ్యి ఇంకా గోడ మీదే ఉంది. అక్కణ్నుంచే పెట్టెలు దించమని కేక వేశాడు.