ఏటిగట్టు కింద కుండ

ముందు గునపం చప్పుడు వినిపించింది. తడినేలలోకి దిగుతూ దబ్బుమని, పైకి వస్తూ నిట్టూర్చినట్టు. ఆగ్నెసమ్మ ఇంటి వెనక్కి తొంగిచూశాను. నా నీడ పడగానే ఆమె గునపం కింద పెట్టి, మట్టిచేతులు రెండూ చాపి చూపించింది.

"అరటి పిలకండి! అరటి పిలకే పాతతన్నానండి."

నేనేమీ అడగలేదు.

యానాంలో ఎంతోమంది పిల్లలు మొదట చూసిన ముఖం ఆగ్నెసమ్మది. తల్లి దగ్గర మంత్రసానితనం నేర్చుకుంది. మొగుడు ఏట్లో పోయాక అదే బతుకైంది. తను చర్చికి వెళ్తుంది కానీ, ఏ ఇంట పురుడు పోస్తే ఆ ఇంటి ఆచారం పాటిస్తుంది. కనకాలపేటలో సత్యవతి వాళ్లింట్లో, బిడ్డ పుట్టాక పడే మావిని కొత్తకుండలో పెట్టి, పసుపు చల్లి, ఎవరూ తొక్కని చోట పాతాలి. పాతిన మనిషి స్నానం చేసేదాకా పెదవి విప్పకూడదు. విప్పితే బిడ్డకు కీడంటారు.

ఫ్రెంచి జెండా దిగిన మరుసటి ఏడు, ఒక తెల్లవారుజామున ఆ సత్యవతికి ఆడపిల్ల పుట్టింది. ఆగ్నెసమ్మ ఏటిగట్టు కింద కుండ పాతి వస్తోంది. గోదావరి మీద మంచు ఇంకా నిద్ర లేవలేదు. ఆ మంచులోంచి హెడ్ కానిస్టేబులు పెదబాబు వచ్చాడు. గట్టు వెంట దొంగబంగారం దాస్తున్నారని ఎవరో అతని చెవిన వేశారు.

"ఏం పాతావే?"

ఆమె చేతులు జోడించింది. మాట్లాడలేదు.

"నోట్లో బంగారం గానీ పెట్టుకున్నావా? పద."

ఠాణాలో కూర్చోబెట్టాడు. పొద్దెక్కాక, ఆమె కోసం ఊరంతా వెతికిన బుల్లబ్బాయి పరిగెత్తుకొచ్చాడు. మెట్టకూరులో అతని భార్య రామతులసికి నొప్పులు.

"బాబ్బాబు, ఆవిడ మంత్రసానండి! బిడ్డ రాటం లేదండి, ఒదిలెయ్యండి!"

"మంత్రసానికి బంగారం చేదా?" పెదబాబు నవ్వాడు.

బుల్లబ్బాయి వెంటబెట్టుకొచ్చిన ప్లీడరు లూయిస్ నవ్వలేదు. "ఏ ఆధారంతో పట్టుకున్నావు హెడ్డూ? నీకు చెప్పిందెవరు? నువ్వు చూసిందేంటి?"

"చేతిలో గునపం ఉందండి. ఒంటికి మట్టుందండి. అడిగితే పలకలేదండి."

"పలకకపోతే నేరమా? అనుమానానికైనా ఓ కారణం ఉండాలయ్యా."

"ఆయ్, ఆ కారణమే తవ్వి తీస్తానండి."

అప్పుడు ఆగ్నెసమ్మ నోరు విప్పింది. స్నానం కాకుండానే.

"మావి బాబూ అది. సత్యవతమ్మ బిడ్డ మావి. నన్నెల్లనియ్యండి, అక్కడ రామతులసి సచ్చిపోద్ది."

నమ్మలేదు. సోదాకు ఊరివాళ్లు ఇద్దరు సాక్షులు కావాలి. పోలీసులను చూసి వీధి వీధంతా తలుపులు వేసుకుంది. ఇద్దరు దొరికేసరికి నీడలు కాళ్లకిందికి వచ్చేశాయి. చోటు ఆమే చూపించింది. గునపమూ ఆమెదే, తవ్వింది పెదబాబు. కుండ పగిలి, పసుపు అంటిన ఎర్రటి ముద్ద ఎండలో పడింది. సాక్షులు తువ్వాళ్లతో ముఖాలు కప్పుకున్నారు. గునపం పట్టుకున్న పెదబాబు పట్టుకున్నట్టే ఉండిపోయాడు.

"నీళ్లు... ఎవరైనా నీళ్లు తేండర్రా" అన్నాడు చివరికి.

ఆగ్నెసమ్మ అప్పటికే పరుగెడుతోంది.

మెట్టకూరులో ఆ ఇంటి ముందు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. ఒక్కరూ ఏడవడం లేదు. లోపల రామతులసి కళ్లు తెరిచే ఉంది, ఊపిరి తీస్తూనే ఉంది. పక్కన బిడ్డ, బొడ్డుపేగు మెడకు చుట్టుకుని, నేరేడుపండు రంగులో.

సత్యవతి కూతురికి ఏ కీడూ రాలేదు. ఇప్పుడు వీధిలో తొక్కుడుబిళ్ల ఆడుతోంది. పెదబాబుకు వేరే ఊరు బదిలీ అయింది. అతని మీద అర్జీ పెడదామని లూయిస్ ఎంత చెప్పినా ఆగ్నెసమ్మ వేలిముద్ర వేయలేదు.

పిలక పక్కనే కూర్చుని ఇదంతా విన్న నేను లేవబోతూ, ఆ పొద్దున ముందే మాట్లాడి ఉంటే, అని మొదలుపెట్టాను. ఆమె పిలక చుట్టూ మట్టి అదుముతూనే ఉంది.

"ఆళ్ళ అనుమానం ఆళ్ళు తవ్వి తీర్చుకున్నారండి. నేను బేగా నోరిప్పుంటే ఆ బిడ్డ బతికేదా, లేదా... అదెక్కడ తవ్వి సూసుకోనండి?"